సీటీ స్కాన్‌కి వెళ్లే ముందు అందరికీ వచ్చే సందేహాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను సీటీ స్కాన్ గదిలో టెక్నీషియన్ని. పేషెంట్లు టేబుల్ ఎక్కాక అడిగేవి రోజూ దాదాపు ఇవే ప్రశ్నలు. అక్కడికక్కడ రెండు ముక్కల్లో చెప్తాను గానీ టెన్షన్‌లో ఉన్న మనిషికి అందులో సగం కూడా ఎక్కదు. కొన్ని సంగతులైతే టేబుల్ దాకా వచ్చాక బయటపడతాయి, అప్పుడు స్కాన్ వాయిదా వేసి వెనక్కి పంపాల్సి వస్తుంది, అది నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఇంట్లో తీరుబడిగా చదువుకునేలా రాసిపెట్టాను. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. మీ డాక్టరు చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా ఉంటే డాక్టరు మాటే వినండి, మీ కేసు తెలిసింది వాళ్లకి.

## స్కాన్ రాశారు, ఇంకా వెళ్లలేదు

సీటీ కూడా ఎక్స్‌రేనే అంటున్నారు, మరి తేడా ఏంటి?

వాడే కిరణాలు అవే. మామూలు ఎక్స్‌రేలో ఒక పక్క నుంచి ఒక్కసారి తీస్తారు కాబట్టి పక్కటెముకలు, గుండె, ఊపిరితిత్తులు అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే నీడలా వస్తాయి. సీటీలో ఎక్స్‌రే ట్యూబు మీ చుట్టూ గిరగిరా తిరుగుతూ అన్ని వైపుల నుంచీ కొలతలు తీసుకుంటుంది, కంప్యూటర్ వాటన్నిటినీ లెక్కగట్టి శరీరం లోపలి భాగాన్ని పుస్తకంలో పేజీలు తిప్పినట్టు ఒక్కో పొరగా చూపిస్తుంది. పేషెంటుకి మొదటిసారి ఇలా తీసింది 1971 అక్టోబర్ 1న, లండన్‌లోని అట్కిన్‌సన్ మోర్లే ఆసుపత్రిలో. ఆ యంత్రాన్ని తయారు చేసిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కీ, దాని వెనకున్న గణితాన్ని విడిగా తేల్చిన అలన్ కార్మాక్‌కీ 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అప్పట్లో ఒక్కో పొర తీయడానికి నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఛాతీ మొత్తం కొన్ని సెకన్లలో అయిపోతుంది.

ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు కదా, అది రాయకుండా సీటీ ఎందుకు రాశారు?

ఒకటి గొప్పది, ఇంకోటి తక్కువది అని కాదు, ఏం వెతుకుతున్నారన్న దాన్ని బట్టి రాస్తారు. తలకి దెబ్బ తగిలి లోపల రక్తం కారుతోందా, ఊపిరితిత్తుల్లో ఏముంది, ఎముక ఎక్కడ చిట్లింది, కిడ్నీలో రాయి ఎంతుంది, ఇలాంటివి సీటీలో త్వరగా, స్పష్టంగా తెలుస్తాయి. వెన్నుపాము, మోకాలి లిగమెంట్లు, మెదడులో కొన్ని సూక్ష్మమైన మార్పులకి ఎమ్మారై మెరుగు, కానీ దానికి చాలాసార్లు అరగంట పైనే కదలకుండా పడుకోవాలి. పక్షవాతం వచ్చిన మనిషికైతే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదటి 4.5 గంటల్లోనే ఇవ్వాలి, ఇచ్చేముందు మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. అలాంటప్పుడు ముందు సీటీయే తీస్తారు. అయినా "అల్ట్రాసౌండుతోగానీ ఎమ్మారైతోగానీ సరిపోతుందా డాక్టర్?" అని అడగడంలో తప్పేమీ లేదు, మంచి డాక్టరు ఆ మాటకి నొచ్చుకోరు.

ఒక్క సీటీకే వందల ఎక్స్‌రేలంత రేడియేషన్ అట, క్యాన్సర్ వస్తుందా?

చాలామంది గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది, అందుకే వివరంగా చెప్తాను. రేడియేషన్‌ని మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. ఏ స్కానూ చేయించుకోకపోయినా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనందరికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు పడుతూనే ఉంటుంది, ఇది ప్రపంచ సగటు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి 0.1 లేదా అంతకన్నా తక్కువ. తల సీటీ సుమారు 2, ఛాతీ సీటీ సుమారు 6, పొట్టా కటిభాగం కలిపి తీస్తే 8 నుంచి 10 దాకా. అంటే ఎక్స్‌రేతో పోలిస్తే ఎక్కువే, ఆ మాట దాచనక్కర్లేదు. అదే పక్కన పెట్టి చూస్తే పొట్ట సీటీ అంటే మూడు నాలుగేళ్ల పాటు ప్రకృతి నుంచి మామూలుగా పడేంత.

క్యాన్సర్ విషయానికొస్తే, 10 మిల్లీసీవర్టుల డోసు వల్ల ప్రాణాంతక క్యాన్సర్ వచ్చే అవకాశం 2000 మందిలో ఒకరికి అదనంగా పెరగొచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అంచనా చెప్తోంది. ఇది లెక్కగట్టిన అంచనా, మనుషుల్ని ఒక్కొక్కరినీ లెక్కబెట్టి తేల్చింది కాదు. అదే దేశంలో సీటీతో సంబంధం లేకుండా మామూలుగానే దాదాపు ఐదుగురిలో ఒకరు క్యాన్సర్‌తో పోతున్నారన్న లెక్క పక్కన దీన్ని పెట్టి చూడాలి. కాబట్టి అవసరం ఉన్న స్కాన్‌కి భయపడి రోగం కనుక్కోవడం ఆలస్యం చేసుకోవడం చాలా పెద్ద నష్టం. అవసరం లేని స్కాన్ మాత్రం చిన్న డోసైనా వద్దు. "ఒకసారి ఒళ్లంతా తీసేయండి, అనుమానం తీరిపోతుంది" అని వచ్చేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది అదే.

ఈ ఏడాదిలో ఇప్పటికే రెండుసార్లు తీశారు, ఇంకా తీయొచ్చా? లిమిట్ ఏమైనా ఉందా?

పేషెంట్లకి ఇన్ని స్కాన్లే అని కోటా ఏదీ లేదు. మాలాంటి సిబ్బందికి ఏడాదికి ఇంత అని పరిమితి ఉంటుంది, ఎందుకంటే మాకు పడే రేడియేషన్‌తో మా ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. పేషెంటు విషయంలో ప్రతిసారీ అడగాల్సింది, "ఈ స్కాన్ ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుందా?" అని. మారుతుందంటే తీయించుకోండి. పాత స్కాన్లుంటే తప్పకుండా వెంట తెచ్చుకోండి, నెల కిందట తీసిన సీడీ బ్యాగులో ఉంటే కొన్నిసార్లు మళ్లీ తీయాల్సిన పనే ఉండదు.

ప్లెయిన్ అని ఒకటి, కాంట్రాస్ట్ అని ఒకటి రాశారు, ఏంటవి?

కాంట్రాస్ట్ అంటే చాలామంది డై అనే మందు. నరంలోకి ఎక్కించేది అయోడిన్ ఉన్న రంగులేని ద్రవం. రక్తం ఎక్కడెక్కడికి వెళ్తుందో అక్కడ తెల్లగా వెలుగుతుంది, దాంతో రక్తనాళాలు, గడ్డలు, చీము పట్టిన చోట్లు విడిగా కనిపిస్తాయి. కిడ్నీ రాళ్లకి, కొత్తగా కారిన రక్తానికి, ఎముకలకి సాధారణంగా ప్లెయిన్ చాలు. డై లేకుండా తీయించుకుంటే మంచిదనుకుని "వద్దు" అనేవాళ్లుంటారు. కాలేయంలో గడ్డ ఏ రకమో తేల్చడానికి వచ్చి డై వద్దంటే, ఆ రేడియేషన్ పడీ ఉపయోగం లేనట్టవుతుంది.

## దాచకుండా ముందే చెప్పాల్సినవి

రొయ్యలు, చేపలు నాకు పడవు. డైలో అయోడిన్ ఉంటుందంటగా, ప్రమాదమా?

కాదు, నిశ్చింతగా ఉండండి. రొయ్యలు పడనివాళ్లకి పడనిది అందులోని ప్రోటీను, అయోడిన్ కాదు. పుండ్లకి రాసే అయోడిన్ మందుతో దురద వచ్చినా అంతే, డైకి దానితో సంబంధం లేదు. ఏ ఎలర్జీ ఉన్నవాళ్లకైనా మిగతావాళ్ల కన్నా రియాక్షన్ అవకాశం కొంచెం ఎక్కువ, ఉబ్బసం ఉన్నవాళ్లకీ అంతే, అందుకని ఫారంలో రాయండి. కానీ దాని కోసం స్కాన్ మానుకోనక్కర్లేదు.

పోయినసారి డై ఎక్కించాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. చెప్తే స్కాన్ చేయరేమో?

దయచేసి చెప్పండి. అన్నిట్లోకీ ముఖ్యమైన సంగతి ఇదే. అంతకుముందు అదే రకం డైతో రియాక్షన్ వచ్చి ఉండటమే మళ్లీ రావడానికి అన్నిటికన్నా పెద్ద సూచన. చెప్తే స్కాన్ మానేయడం ఒక్కటే దారి కాదు. డై రకం మార్చొచ్చు, ముందుగా స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వొచ్చు, ప్లెయిన్‌తోనో ఇంకో పరీక్షతోనో సరిపెట్టొచ్చు. ఆ మాత్రలు మాత్రం మామూలుగా 12, 13 గంటల ముందే మొదలుపెట్టాలి, కాబట్టి టేబుల్ మీద పడుకుని చెప్తే ఆ రోజుకి ఏమీ చేయలేం. స్కాన్ తేదీ ఇచ్చేటప్పుడే, ఫోన్‌లోనైనా సరే, ఆ మాట చెప్పండి. అప్పుడు ఏ మందు ఎక్కించారో రాసిన కాగితం దొరికితే ఇంకా మంచిది.

డై ఎక్కిస్తే మనుషులు పోతారని విన్నాను, నిజమా?

ఇప్పుడు వాడే మందులతో ఏ రకమైన రియాక్షనైనా వచ్చేది వందలో ఒకరికన్నా తక్కువ మందికి, అవీ చాలావరకు నాలుగు దద్దుర్లు, దురద, తుమ్ములతో పోయేవే. ప్రాణం మీదకి తెచ్చే తీవ్రమైన రియాక్షన్ సుమారు 10,000 మందిలో నలుగురికి. అదీ ఎక్కువగా మొదటి 20 నిమిషాల్లోనే మొదలవుతుంది. అప్పుడు మీరు మా కళ్ల ముందే ఉంటారు, అడ్రినలిన్, ఆక్సిజన్ అందుబాటులో ఉంటాయి. గొంతు బిగుసుకున్నట్టున్నా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా మొహమాటపడకుండా వెంటనే చెప్పండి. "అదే తగ్గిపోతుందిలే" అని ఓర్చుకోవద్దు.

స్కాన్‌కి ముందు క్రియాటినిన్ పరీక్ష ఎందుకు అడుగుతున్నారు?

డై బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. అవి ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి రక్తంలో క్రియాటినిన్ చూసి, దాన్నుంచి ఈజీఎఫ్ఆర్ అనే అంకె లెక్కగడతారు. ఆ అంకె 30 కన్నా తక్కువ ఉన్నవాళ్ల విషయంలోనే అసలు జాగ్రత్త: డై తప్పనిసరా అని ఆలోచిస్తారు, ఎక్కించాల్సి వస్తే ముందూ వెనకా సెలైన్ పెడతారు. కిడ్నీ జబ్బు లేనివాళ్లకి డై వల్ల కిడ్నీలు పాడవుతాయన్న భయం ఒకప్పుడు ఉన్నంతగా ఇప్పుడు లేదు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్లకి కూడా డై ఎక్కించొచ్చు, దాని కోసం ఆ రోజే మళ్లీ డయాలిసిస్ పెట్టించుకోనక్కర్లేదు. యూరిన్ ఇంకా కొంత వస్తున్నవాళ్లు మాత్రం కిడ్నీ డాక్టరుని ఒక మాట అడగండి.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను, ఆపాలా?

మీ అంతట మీరు ఆపొద్దు. మెట్‌ఫార్మిన్‌కీ డైకీ మధ్య నేరుగా గొడవ లేదు. డై వల్ల కిడ్నీ దెబ్బతింటే ఆ మాత్ర ఒంట్లో పేరుకుపోయి రక్తంలో ఆమ్లం పెరుగుతుందేమోనన్నదే భయం. ఈజీఎఫ్ఆర్ 30, అంతకన్నా ఎక్కువ ఉండి, కిడ్నీకి కొత్తగా సమస్యేమీ లేకపోతే మానక్కర్లేదనే ఇప్పటి మార్గదర్శకాలు చెప్తున్నాయి. అంతకన్నా తక్కువుంటే స్కాన్ నాటి నుంచి 48 గంటలు ఆపి, కిడ్నీ పరీక్ష మళ్లీ చూసుకుని మొదలుపెడతారు. రెండు మూడు మందులు కలిసిన మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఉన్నా పేరు పైకి కనబడదు, అందుకని మాత్రల అట్టలు తెచ్చి చూపించండి.

థైరాయిడ్ ఉంది, డై పడుతుందా?

థైరాయిడ్ తక్కువై మాత్ర వేసుకుంటున్నవాళ్లకి సాధారణంగా ఇబ్బందేమీ ఉండదు. థైరాయిడ్ ఎక్కువై ఇంకా అదుపులోకి రానివాళ్లు తప్పకుండా చెప్పాలి, అంత అయోడిన్ ఒక్కసారిగా అందితే పరిస్థితి ముదరొచ్చు. ఇంకో సంగతి, రేడియోయాక్టివ్ అయోడిన్ స్కాన్‌గానీ వైద్యంగానీ ముందుంటే, ఈ డై ఎక్కాక 4 నుంచి 8 వారాల వరకు అది సరిగా పనిచేయదు. ఏది ముందు, ఏది వెనక అన్నది డాక్టర్లిద్దరూ మాట్లాడుకుని తేల్చాలి.

నెల తప్పిందేమో అనుమానంగా ఉంది, చెప్పాలా?

అనుమానం ఉన్నా చెప్పాలి. పక్కన ఎవరో ఉన్నారని చాలామంది ఆడవాళ్లు తలూపి ఊరుకుంటారు, అందుకే నేను ఆ ప్రశ్న వాళ్లని ఒంటరిగా ఉన్నప్పుడే అడుగుతాను. తలకో ఛాతీకో తీసే స్కాన్‌లో కడుపులో బిడ్డకి చేరేది చాలా తక్కువ. పొట్ట స్కాన్ అయితే బిడ్డ నేరుగా ఆ దారిలోనే ఉంటుంది, కాబట్టి అల్ట్రాసౌండో ఎమ్మారైయో సరిపోతుందేమో ముందు చూస్తారు. ఒకవేళ తెలియకుండా తీయించేసుకుని తర్వాత గర్భమని తెలిస్తే హడలిపోయి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఒక పొట్ట సీటీలో బిడ్డకి చేరేది మామూలుగా 50 మిల్లీగ్రేలకి (ఇదీ రేడియేషన్ కొలతే) బాగా లోపే ఉంటుంది. ఆ లోపు డోసుతో అవకరాలు పెరిగినట్టు ఎక్కడా తేలలేదు. వెంటనే డాక్టరుతో మాట్లాడండి.

పాలిచ్చే తల్లిని, స్కాన్ తర్వాత పాలు ఆపాలా?

అక్కర్లేదు. ఎక్కించిన డైలో 1 శాతం కన్నా తక్కువే పాలలోకి వస్తుంది, బిడ్డ తాగినదాంట్లోనూ 1 శాతం కన్నా తక్కువే బిడ్డ ఒంట్లోకి వెళ్తుంది. అయినా మనసొప్పకపోతే ముందే పాలు తీసి పెట్టుకుని ఒక రోజు అవి పట్టండి.

ఒంట్లో రాడ్డు, పేస్‌మేకర్ ఉన్నాయి, మెషిన్‌లోకి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. సీటీలో అయస్కాంతం లేదు, కాబట్టి లోహాన్ని లాగేయడం లాంటిదేమీ ఉండదు. రాడ్డు చుట్టుపక్కల బొమ్మ మీద గీతలు పడతాయి, అంతే. ఇన్సులిన్ పంపు, చర్మానికి అతికించుకునే షుగర్ సెన్సర్ ఉంటే చెప్పండి, చాలా కంపెనీలు వాటిని స్కాన్‌కి ముందు తీసేయమంటాయి.

పిల్లాడికి రాశారు, నాకు చేతులాడటం లేదు.

పిల్లల ఒళ్లు రేడియేషన్‌కి పెద్దవాళ్ల కన్నా సున్నితం, ముందు బోలెడు జీవితం ఉంటుంది, అందుకే బరువుని బట్టి డోసు తగ్గించి తీయాలి. "పిల్లల సెట్టింగులోనే తీస్తున్నారు కదా?" అని అడగండి, అడిగే హక్కు మీకుంది. స్కాన్ సెకన్లలో అయిపోతుంది కాబట్టి చాలామంది పిల్లలకి మత్తు కూడా అవసరం రాదు. పాలు తాగి నిద్రపోయిన పసిబిడ్డని గుడ్డలో చుట్టి తీసేస్తాం. మత్తు ఇవ్వాల్సి వస్తే మాత్రం ఎన్ని గంటల ముందు నుంచి ఏమీ పెట్టకూడదో చెప్తారు, ఏడుస్తున్నాడని అందులో సడలింపు ఇవ్వకండి. ఇంట్లోనే ఒకసారి "బొమ్మలా కదలకుండా ఉండు చూద్దాం" అని ఆట ఆడించి తీసుకొస్తే సగం పని అయిపోయినట్టే. లోపల తోడుగా ఉండాలనుకుంటే సీసం ఏప్రాన్ ఇస్తారు, గర్భంతో ఉన్న తల్లి కాకుండా ఇంకెవరైనా ఉండాలి.

## స్కాన్ రోజు

ఖాళీ కడుపుతోనే రావాలా? నీళ్లు కూడా తాగకూడదా?

ప్లెయిన్ స్కాన్‌కి సాధారణంగా అక్కర్లేదు. డై ఉంటే చాలాచోట్ల 4 గంటల ముందు నుంచి గట్టి ఆహారం వద్దంటారు, వాంతి వస్తే ఇబ్బందని. మీ సెంటర్‌లో ఎంత చెప్తే అంత పాటించండి. మంచినీళ్లు మాత్రం తాగండి, ఫలానా వేళ నుంచి వద్దని ప్రత్యేకంగా చెప్తే తప్ప. ఖాళీ కడుపంటే గొంతు తడుపుకోకుండా రావడం అనుకుని నాలుక పిడచగట్టుకుపోయి వచ్చే పెద్దవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే కిడ్నీలకీ మంచిది కాదు, సూదికి నరమూ దొరకదు. షుగర్ ఉన్నవాళ్లు ఏమీ తినకుండా ఇన్సులిన్ వేసుకుంటే పడిపోతారు, ఎలా సర్దుకోవాలో ముందురోజే అడగండి, వీలైతే పొద్దున్నే టైమ్ ఇమ్మనండి.

బీపీ, గుండె మాత్రలు వేసుకోవచ్చా?

వేసుకోవాలి, ఓ గుక్క నీళ్లతో.

తాగమని బాటిల్ నిండా ఏదో ఇచ్చారు, అంతా తాగాలా?

పేగులు నిండి విడిగా కనిపించడానికి ఇచ్చే ద్రవం అది. ఒక్కోచోట మంచినీళ్లే ఇస్తారు. గంట, ఒక్కోసారి గంటన్నర పాటు కొద్దికొద్దిగా తాగాలి. కొంత తాగి మిగతాది చాటుగా పారబోస్తే మాకు స్కాన్‌లో తెలిసిపోతుంది, కానీ అప్పటికే పేగు మడతని గడ్డ అనుకునే పరిస్థితి వస్తుంది. తాగలేకపోతే తాగలేకపోతున్నానని చెప్పండి చాలు.

గుండె రక్తనాళాల సీటీ రాశారు, దానికేమైనా వేరే జాగ్రత్తలున్నాయా?

ఉన్నాయి. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి రెండు దెబ్బల మధ్య సందు చూసి తీయాలి. నాడి నిమిషానికి 60 దగ్గరుంటే బొమ్మ బాగా వస్తుంది. అందుకని నాడి తగ్గించే మాత్ర ఇస్తారు. ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి, ఆ మాత్రతో ఆయాసం రావొచ్చు. ముందురోజు నుంచి కాఫీ, టీలు మానేయండి. నాలుక కింద నైట్రోగ్లిసరిన్ ఇస్తారు, రక్తనాళాలు వెడల్పవడానికి. సిల్డెనఫిల్, టడలఫిల్ లాంటి అంగస్తంభన మాత్రలు ఒకటి రెండు రోజుల్లో వేసుకుని ఉంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. సిగ్గుపడాల్సిన విషయం కాదిది, చెవిలో చెప్పినా చాలు.

ఏ బట్టలు వేసుకోవాలి?

వదులుగా, జిప్పులూ హుక్కులూ లేనివి. నగలు ఇంట్లోనే పెట్టేసి రండి. స్కాన్ తలకైతే చెవిపోగులు, జడపిన్నులు, కట్టుడుపళ్లు తీయాలి.

## గది లోపల

మూసేసిన చోట నాకు ఊపిరాడదు, సొరంగంలోకి పంపిస్తారా?

సొరంగం ఎమ్మారైలో ఉంటుంది. సీటీ మెషిన్ నిలబెట్టిన పెద్ద చక్రంలా ఉంటుంది, మధ్య రంధ్రం సుమారు 70 సెంటీమీటర్ల వెడల్పు, ముందూ వెనకా తెరిచే ఉంటుంది. ఛాతీకో పొట్టకో తీస్తుంటే చాలావరకు తల బయటే ఉంటుంది. భయంగా ఉంటే ముందు చెప్పండి, డై లేకుండా ఒకసారి టేబుల్‌ని లోపలికీ బయటికీ జరిపి చూపిస్తాం, చాలామందికి దాంతోనే ధైర్యం వచ్చేస్తుంది.

సూది ఎందుకంత లావుగా ఉంది?

మెషిన్ పంపు డైని వేగంగా నెడుతుంది, రక్తనాళాల స్కాన్లలో సెకనుకి 4, 5 మిల్లీలీటర్ల దాకా. సన్నటి సూది ఆ ఒత్తిడికి ఆగదు. అందుకే మోచేతి మడతలో పెద్ద నరం చూసి పెడతాం. పెట్టాక ముందు సెలైన్ తోస్తూ ఆ నరం మీద నా వేలు ఆనించి ఉంచుతాను, చర్మం కింద చల్లగా బుడగలా లేస్తే సూది జారినట్టు, తీసేసి ఇంకోచోట పెడతాను. రెండోసారి గుచ్చానని కోప్పడొద్దు, డై బయటికి కారడం కన్నా అది నయం. డయాలిసిస్ ఫిస్టులా ఉన్న చెయ్యి, రొమ్ము ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసిన వైపు చెయ్యి అయితే ముందే చెప్పండి, ఆ చేతికి పెట్టం. కీమో పోర్ట్ ఉన్నవాళ్లు దానితోపాటు ఇచ్చిన కార్డు తెచ్చుకోండి, అన్ని పోర్టులూ ఈ వేగానికి తట్టుకోవు.

ఇంజెక్షన్ ఎక్కుతుంటే యూరిన్ పోయినట్టనిపించింది, నాకేమైంది?

ఏమీ కాలేదు. డై ఎక్కిన కొన్ని సెకన్లకి గొంతులో వేడి మొదలై ఛాతీ మీదుగా కిందికి దిగుతుంది, నోట్లో ఇనుము నాకినట్టు రుచి వస్తుంది, కింద తడిసిపోయినట్టే ఉంటుంది. ఓ పెద్దాయన స్కాన్ అయ్యాక ఎంత లేవమన్నా లేవలేదు, దుప్పటి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు. "తడవలేదు తాతా, అందరికీ అలాగే అనిపిస్తుంది" అన్నాక తడిమి చూసుకుని అప్పుడు లేచారు. ఆ రోజు హడావుడిలో ముందుగా చెప్పడం మర్చిపోయింది నేనే. అప్పటినుంచీ డై పంపే ముందు ఆ మాట చెప్పకుండా ఎవర్నీ వదల్లేదు. నిమిషంలో తగ్గిపోతుంది.

ఊపిరి బిగపట్టమంటారు, నావల్ల కాకపోతే?

మామూలుగా 5 నుంచి 15 సెకన్లే. ఊపిరి కదిలితే కాలేయం, ఊపిరితిత్తులు కదిలి చిన్న మచ్చ చెదిరిపోతుంది, లేని మచ్చ ఉన్నట్టూ కనిపించొచ్చు. ఇంటి దగ్గరే గడియారం చూస్తూ నాలుగైదుసార్లు అలవాటు చేసుకోండి. మధ్యలో ఆగకపోతే ఒక్కసారిగా దగ్గకుండా మెల్లగా వదలండి. ఆయాసంతో ఉన్నవాళ్లు ముందే చెప్తే ఇంకా వేగంగా తీసేలా మార్చుకుంటాం.

ప్రమాదం లేదంటారు, మరి మీరందరూ బయటికి పరిగెడతారేం?

మీకిది ఒకసారి, మాకు రోజుకి ఎంతోమంది. బయటున్నా సీసం అద్దంలోంచి చూస్తూనే ఉంటాం, మైకు పనిచేస్తూనే ఉంటుంది, మీరు మెల్లగా పిలిచినా వినపడుతుంది.

నన్ను రెండు మూడుసార్లు లోపలికీ బయటికీ తిప్పారు, తప్పు తీశారా?

చాలావరకు కాదు. మొదట దారి చూసుకోవడానికి ఒక బొమ్మ తీస్తాం. కొన్ని స్కాన్లలో డై ముందు ధమనుల్లో, తర్వాత సిరల్లో, ఆ తర్వాత కిడ్నీల్లో ఉన్నప్పుడు విడివిడిగా తీయాల్సి ఉంటుంది. లోపల మీ గురించి ఏదో కనిపెట్టి మళ్లీ తీస్తున్నారని గుండె దడ పెంచుకోకండి.

## అయిపోయాక

వెంటనే ఇంటికి వెళ్లిపోవచ్చా?

ప్లెయిన్ అయితే వెళ్లిపోవచ్చు. డై ఎక్కించుకుంటే 20 నుంచి 30 నిమిషాలు అక్కడే కూర్చోండి, సూది కూడా ఆ తర్వాతే తీయించుకోండి, ఏదైనా మందు ఎక్కించాల్సి వస్తే అదే దారి. ఇంటికెళ్లాక కొన్ని గంటలకీ, రెండు మూడు రోజులకీ దద్దుర్లు వచ్చేవాళ్లు కొందరుంటారు, ఫోన్ చేసి అడగండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఫోన్లు కాదు, నేరుగా ఎమర్జెన్సీకి.

సూది పెట్టినచోట వాచింది.

డై కొంచెం నరం బయటికి కారి ఉంటుంది. చెయ్యి ఎత్తులో పెట్టి చల్లటి కాపడం పెట్టండి, ఎక్కువసార్లు ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. నొప్పి పెరుగుతున్నా, చర్మం బొబ్బలెక్కినా, వేళ్లు తిమ్మిరెక్కినా అదే రోజు వెళ్లి చూపించండి.

ఒంట్లో రేడియేషన్ మిగిలి ఉంటుందా? చంటిబిడ్డని ఎత్తుకోవచ్చా?

హాయిగా ఎత్తుకోండి. దీపం ఆర్పితే గదిలో వెలుతురు మిగలనట్టే, మెషిన్ ఆగగానే ఎక్స్‌రేలు కూడా ఉండవు. డై కూడా రేడియోయాక్టివ్ కాదు, కిడ్నీలు బాగుంటే ఒక రోజులో దాదాపు అంతా యూరిన్‌లో పోతుంది. మీ గుండె డాక్టరో కిడ్నీ డాక్టరో నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే ఆ రోజు కాస్త ఎక్కువ నీళ్లు తాగండి. పెట్ సీటీ వేరు, అందులో రేడియోయాక్టివ్ మందు ఎక్కిస్తారు, దాని జాగ్రత్తలు వేరే ఉంటాయి.

మీరు స్క్రీన్ మీద చూశారు కదా, క్యాన్సర్ ఉందో లేదో చెప్పేయండి ప్లీజ్.

ఈ ప్రశ్నకి నా ముఖంలో జవాబు వెతకకండి, నా పని బొమ్మలు సరిగ్గా తీయడం. వందల పొరల్ని ఒక్కొక్కటే చూసి, పాతవాటితో పోల్చి చెప్పాల్సింది రేడియాలజిస్టు. నేను నవ్వినా నవ్వకపోయినా దానికి అర్థం లేదు. ఎదురుచూడటం ఎంత కష్టమో తెలుసు, రిపోర్టు ఎప్పుడు వస్తుంది, ఎవరు వివరిస్తారు అన్నవి మాత్రం వెళ్లేముందే కనుక్కోండి.

రిపోర్టులో హైపోడెన్స్, నాడ్యూల్, సిస్ట్ అని రాశారు, భయంగా ఉంది.

హైపోడెన్స్ అంటే చుట్టుపక్కల కన్నా నల్లగా కనిపించే చోటు, అంతే, అది జబ్బు పేరు కాదు. సాంద్రతని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు: నీళ్లు 0, గాలి మైనస్ 1000, ఎముక వందల్లో. సిస్ట్ అంటే నీటి తిత్తి, కిడ్నీలో మామూలు సిస్టులు వయసు పెరిగేకొద్దీ చాలామందిలో కనిపిస్తాయి. ఊపిరితిత్తిలో నాడ్యూల్ అంటే చిన్న బొడిపె, పాత ఇన్ఫెక్షన్ మిగిల్చిన మచ్చలు కూడా అలాగే ఉంటాయి, చాలావరకు హానిలేనివే, సైజుని బట్టి కొన్ని నెలల తర్వాత మళ్లీ చూద్దామంటారు. ఆ "మళ్లీ చూద్దాం" తేదీని మాత్రం క్యాలెండర్‌లో రాసుకోండి, మర్చిపోయేది ఎక్కువగా అదే. "క్లినికల్‌గా కోరిలేట్ చేయండి" అన్నది మీకు రాసింది కాదు, మీ లక్షణాలతో కలిపి చూడమని మీ డాక్టరుకి రాసిన మాట.

ఫిల్ములు తీసుకోవాలా, సీడీనా?

సీడీయో, ఆన్‌లైన్ లింకో తప్పక అడిగి తీసుకోండి. ఫిల్ము మీద ఎంపిక చేసిన కొన్ని బొమ్మలే పడతాయి, మొత్తం స్కాన్ ఉండేది సీడీలోనో లింకులోనో ఇచ్చే డైకామ్ అనే రకం ఫైళ్లలోనే, రెండో డాక్టరు అభిప్రాయం చెప్పాలన్నా, వచ్చే ఏడాది మచ్చ పెరిగిందో లేదో కొలవాలన్నా అవే కావాలి. సీడీ కవరు మీద తేదీ, ఏ భాగానికి తీశారో, డై ఎక్కించారో లేదో, ఎక్కిస్తే రియాక్షన్ ఏమైనా వచ్చిందో పెన్నుతో రాసి పెట్టుకోండి.